లైసెన్సుల లెక్క, పనిలో ఉన్నవారి లెక్క: అమెరికా రాష్ట్రాల ఆరోగ్య సిబ్బంది గణాంకాలు

ఒక రాష్ట్రంలో వైద్యులు ఎందరు, నర్సులు ఎందరు అని అడిగితే ప్రభుత్వం ముందుగా తెరిచేది లైసెన్సుల రిజిస్టరు. అమెరికాలో వైద్యం చేయడానికైనా, నర్సుగా పనిచేయడానికైనా, మందుల షాపులో ఫార్మసిస్టుగా కూర్చోవడానికైనా అనుమతి ఇచ్చేది కేంద్రం కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం. వృత్తికొక బోర్డు ఉంటుంది. ఆ బోర్డు దగ్గర లైసెన్సుదారుడి పేరు, చదువు, లైసెన్సు నంబరు, గడువు తేదీ, ఉత్తరాలు పంపాల్సిన చిరునామా ఉంటాయి. అతను ప్రస్తుతం రోగులను చూస్తున్నాడా, చూస్తే ఏ ఊళ్లో, వారానికి ఎన్ని గంటలు, ఏ విభాగంలో అన్న వివరాలు మాత్రం ఎవరైనా పనిగట్టుకుని అడిగితే తప్ప అందులోకి రావు. లైసెన్సు రెన్యువల్ చేసే సమయంలోనే ఈ వివరాలు అడిగి, ఏటేటా పోగుచేసి, ప్రాంతాలవారీగా విశ్లేషించే పనిని రాష్ట్ర ఆరోగ్య సిబ్బంది గణాంక సేకరణ అంటారు. పైకి గుమాస్తా పనిలా కనిపించినా, ఏ పల్లెకు వైద్యుడు దక్కుతాడు, ఏ కళాశాలకు నిధులు వెళ్తాయి అన్నవి దీనిమీదే తేలతాయి. రిజిస్టరులోని పేర్లనే సిబ్బంది బలంగా లెక్కవేసిన చోటల్లా విధానాలు దారితప్పాయి. ఆ లోటు తీరడానికి రెన్యువల్ ఫారంలో నాలుగైదు ప్రశ్నలను తప్పనిసరి చేయడం కంటే చవకైన, నమ్మదగిన దారి మరొకటి లేదన్నది ఈ వ్యాసం వాదన.

తేడా ఎంత పెద్దదో చూడటానికి 17,500 జనాభా ఉన్న ఒక గ్రామీణ కౌంటీని ఊహించుకుందాం. రిజిస్టరు ప్రకారం అక్కడి చిరునామాతో పదిమంది కుటుంబ వైద్యులు ఉన్నారు. అంటే 1,750 మందికి ఒకరు, కంగారుపడాల్సిందేమీ లేదనిపిస్తుంది. ఇప్పుడు ఆ పదిమందినీ ఒక్కొక్కరిగా అడిగి చూడాలి. ఒకాయన పదవీ విరమణ చేశాడు, జీవితమంతా మోసిన లైసెన్సును వదులుకోలేక ఫీజు కడుతున్నాడు. ఇద్దరు వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు, పాత ఇంటి చిరునామా మాత్రం మార్చలేదు. ఇంకొకరు ఆసుపత్రి పరిపాలనలో ఉన్నారు, స్టెతస్కోపు పట్టి ఏళ్లయింది. మిగిలిన ఆరుగురిలో ఇద్దరు వారంలో సగం రోజులే క్లినిక్‌కు వస్తారు. వారానికి 40 గంటలు రోగులను చూస్తే ఒక పూర్తికాల వైద్యుడిగా లెక్కగడితే, ఆ కౌంటీలో నిజంగా ఉన్నది ఐదుగురు. 3,500 మందికి ఒకరు. ఈ సంఖ్యకు అమెరికా చట్టంలో ప్రత్యేకమైన బరువుంది. ప్రాథమిక వైద్యంలో ఒక పూర్తికాల వైద్యుడికి కనీసం 3,500 మంది, అవసరాలు మరీ ఎక్కువగా ఉన్నచోట 3,000 మంది జనాభా ఉంటేనే ఆ ప్రాంతాన్ని కేంద్రం వైద్యుల కొరత ప్రాంతంగా ప్రకటిస్తుంది. పది అని రాసుకుంటే ఈ కౌంటీకి ఏ సాయమూ అందదు. ఐదు అని తేలితే కొరత ప్రాంతాల్లో పనిచేసే యువ వైద్యుల చదువు అప్పులు తీర్చే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ వస్తుంది, వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ చెల్లింపుల్లో వైద్యులకు పది శాతం అదనం వస్తుంది.

తెలుగువారికి దగ్గరగా తగిలే సంగతి కూడా ఇక్కడ ఒకటుంది. జె-1 వీసా మీద రెసిడెన్సీ, అంటే ఎంబీబీఎస్ తరువాతి ఆసుపత్రి శిక్షణ, చేసిన విదేశీ వైద్యులు చదువు కాగానే రెండేళ్లపాటు స్వదేశానికి వెళ్లాలి. 1994లో సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరుమీద వచ్చిన కార్యక్రమం ఈ నిబంధనకు మినహాయింపు ఇచ్చింది, కొరత ఉన్న చోట మూడేళ్లు పనిచేయాలన్న షరతుతో. మొదట్లో రాష్ట్రానికి ఏటా 20 మందికి ఉన్న ఈ అవకాశం 2002 నుంచి 30 మందికి పెరిగింది. ఆంధ్ర, తెలంగాణ కళాశాలల్లో చదివి అమెరికా చిన్న పట్టణాల్లో స్థిరపడ్డ వైద్యుల్లో చాలామంది ఈ దారిన వచ్చినవారే. వారిని ఎక్కడికి పంపవచ్చో చెప్పే పటాలు కొరత ప్రాంతాల ప్రకటనల మీద, ఆ ప్రకటనలు పూర్తికాల వైద్యుల లెక్క మీద నిలుస్తాయి.

లెక్క లేకుండా వేసిన అంచనాలు ఎంత ఖరీదైనవో అమెరికా చరిత్రే చెబుతుంది. 1980లో గ్రాడ్యుయేట్ మెడికల్ ఎడ్యుకేషన్ జాతీయ సలహా సంఘం 1990 నాటికి 70,000 మంది, 2000 నాటికి 1,45,000 మంది వైద్యులు అవసరానికి మించి ఉంటారని నివేదిక ఇచ్చింది. వైద్యులు ఎక్కువైపోతున్నారన్న నమ్మకం తరువాతి రెండు దశాబ్దాల విధానాన్ని నడిపింది. 1997 నాటి బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టం మెడికేర్ డబ్బుతో నడిచే రెసిడెన్సీ సీట్లకు పరిమితి పెట్టింది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 2005లో, మరో జాతీయ సలహా మండలి 2020 నాటికి సుమారు 85,000 మంది వైద్యుల కొరత వస్తుందని హెచ్చరించింది. అంచనాలు ఇలా తలకిందులు కావడానికి వైద్యం చేసే పద్ధతులు మారడం ఒక కారణం, జనాభా పెరగడం మరో కారణం. కానీ వైద్యుల సంఖ్యకు ఆధారంగా వాడిన జాబితాలోనే లోపముంది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1906లో మొదలుపెట్టిన మాస్టర్‌ఫైల్ దేశంలో వైద్యుల గురించిన అతిపెద్ద జాబితా. వైద్య కళాశాలలో అడుగుపెట్టిన రోజు నుంచి పేరు అందులో ఉంటుంది, పని మానేసిన సంగతి మాత్రం ఆలస్యంగా చేరుతుంది. 2009లో ఆ సంఘం పత్రికలోనే వచ్చిన ఒక అధ్యయనం ఈ జాబితాను జనగణన శాఖ నెలనెలా జరిపే ఇంటింటి సర్వేతో పోల్చి చూసింది. సర్వే ప్రకారం పనిలో ఉన్న వైద్యులు జాబితా చెప్పినదానికంటే దాదాపు పది శాతం తక్కువ. ఆ తేడా దాదాపు అంతా వయసు మళ్లిన వైద్యులదే. దశాబ్దం కిందట చనిపోయినవారి పేర్లు కొనసాగే ఓటర్ల జాబితాను చూసిన మనకు ఈ లోపం అర్థం కావడానికి వివరణ అక్కర్లేదు.

ఈ పని సరిగ్గా చేసి చూపించిన రాష్ట్రం నార్త్ కరోలినా. చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో సెసిల్ జి. షెప్స్ కేంద్రం అనే ఆరోగ్య సేవల పరిశోధన సంస్థ ఉంది. 1979 నుంచి ఏ ఏడాదీ ఆగకుండా ఆ రాష్ట్రంలోని ఆరోగ్య వృత్తుల వివరాలను ఈ కేంద్రం సేకరిస్తోంది. ఇంత దీర్ఘకాలం తెగకుండా సాగిన రాష్ట్రస్థాయి వ్యవస్థ అమెరికాలో ఇంకొకటి లేదు. వైద్యులు, నర్సులు, దంత వైద్యులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు, మనస్తత్వ నిపుణులు ఇలా దాదాపు ఇరవై వృత్తుల బోర్డులు తమ రెన్యువల్ వివరాలను ఏటా కేంద్రానికి అందిస్తాయి. అక్టోబర్ 31 నాటికి చలామణిలో ఉన్న లైసెన్సులను ఆ ఏటి లెక్కగా తీసుకుంటారు. బోర్డులు స్వతంత్ర సంస్థలు. సమాచారం మీద హక్కు వాటిదే. షెప్స్ కేంద్రం దాన్ని శుభ్రం చేసి, 100 కౌంటీలకూ విడదీసి, ప్రజల ముందు పెడుతుంది. ఇందులో గమనించాల్సింది సాంకేతికత కంటే ఓపిక. ఒకే ప్రశ్నను, ఒకే తేదీకి, ఒకే నిర్వచనంతో నాలుగు దశాబ్దాలు అడిగారు కాబట్టే ఒక కౌంటీలో ప్రసూతి వైద్యం ఏ ఏడాది అంతరించిందో, ఒక గ్రామీణ ఆసుపత్రి మూతపడ్డాక చుట్టుపక్కల వైద్యులు ఎంత త్వరగా తరలిపోయారో చూడగలుగుతున్నారు. ఏడాది విడిచి ఏడాది కొత్త ఫారం, కొత్త నిర్వచనం పెట్టే చోట ఎన్ని కంప్యూటర్లున్నా ఈ పని సాధ్యం కాదు.

మిగతా రాష్ట్రాలు తలోదారి పట్టాయి. వర్జీనియా తన ఆరోగ్య వృత్తుల శాఖలోనే ప్రత్యేక గణాంక కేంద్రం పెట్టుకుంది. అక్కడ ఆన్‌లైన్ రెన్యువల్ చివర్లో వచ్చే సర్వేకు జవాబివ్వడం ఐచ్ఛికం. ఇండియానా 2018లో చట్టం చేసి రెన్యువల్‌తో పాటు పని వివరాలు ఇవ్వడాన్ని తప్పనిసరి చేసింది. న్యూయార్క్‌లో ఆల్బనీ విశ్వవిద్యాలయానికి చెందిన కేంద్రం 1996 నుంచి ఈ రంగంలో పనిచేస్తోంది. కొన్ని రాష్ట్రాల్లో నర్సుల వివరాలు ఉంటాయి, వైద్యులవి ఉండవు. ఇంకొన్నిచోట్ల అడుగుతారు కానీ విశ్లేషించేవారుండరు. రాష్ట్రాల మధ్య పోలిక కుదరాలంటే అందరూ ఒకే ప్రశ్నలు అడగాలన్న ఆలోచనతో కేంద్ర ఆరోగ్య వనరుల సంస్థ, వృత్తి సంఘాలు కలిసి కనీస ప్రశ్నల జాబితాలు రూపొందించాయి. వాటిని పాటించడం మాత్రం రాష్ట్రాల ఇష్టం. దేశవ్యాప్తంగా ఈ పనిని నడిపించడానికి 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం ఒక జాతీయ సిబ్బంది కమిషన్‌ను ఏర్పాటు చేసింది, సభ్యులను కూడా నియమించారు. కాంగ్రెస్ దానికి ఒక్క డాలరు ఇవ్వలేదు, కమిషన్ పని మొదలుపెట్టలేదు. లక్షల కోట్ల డాలర్లు ఆరోగ్యం మీద ఖర్చుచేసే దేశం, ఆ సేవ చేసే మనుషులను లెక్కపెట్టడానికి డబ్బు లేదనడం క్షమించరాని నిర్లక్ష్యం.

రాష్ట్రాల హద్దులు దాటే లైసెన్సులు వచ్చాక రిజిస్టరు మీద ఆధారపడటం మరింత కష్టమైంది. నర్సుల లైసెన్సు ఒప్పందంలో ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు ఉన్నాయి. సొంత నివాసం ఉన్న రాష్ట్రం ఇచ్చిన ఒక్క లైసెన్సుతో వాటన్నిటిలోనూ పనిచేయవచ్చు. నార్త్ కరోలినాలోని షార్లట్ నగరాన్ని చూడండి. సౌత్ కరోలినా సరిహద్దు ఊరి పొలిమేరలోనే ఉంటుంది. అక్కడి యార్క్ కౌంటీలో కాపురముంటూ రోజూ షార్లట్ ఆసుపత్రికి డ్యూటీకి వచ్చే నర్సు సౌత్ కరోలినా రిజిస్టరులో ఉంటుంది. ఆమె సేవలు అందుకునే రోగులున్న రాష్ట్రపు లెక్కలోకి ఆమె రాదు. వైద్యులది ఇందుకు భిన్నమైన చిక్కు. వారి అంతర్రాష్ట్ర ఒప్పందం 2017 నుంచి అమలులోకి వచ్చి ఒక్కో రాష్ట్రపు లైసెన్సును త్వరగా తెచ్చుకునే వీలు కల్పించింది. టెలిమెడిసిన్ చేసే ఒకే వైద్యుడు అరడజను రాష్ట్రాల రిజిస్టర్లలో కనిపించవచ్చు, ఆరుచోట్లా ఒక పూర్తి వైద్యుడిగా. నర్సుల విషయంలో లెక్క తగ్గుతుంది, వైద్యుల విషయంలో ఉబ్బుతుంది. పని ఎక్కడ జరుగుతోందని, ఎన్ని గంటలని అడగడం తప్ప ఈ రెండు తప్పులనూ సరిచేసే ఉపాయం లేదు.

దీనికి అభ్యంతరాలు గట్టివే ఉన్నాయి. మొదటిది బోర్డుల నుంచే వస్తుంది. అర్హత లేనివారినుంచి, తప్పుడు వైద్యం చేసేవారినుంచి ప్రజలను కాపాడటం తమ బాధ్యత అనీ, లైసెన్సుదారుల ఫీజులతో నడిచే సంస్థ ప్రభుత్వ ప్రణాళికా శాఖ పని ఎందుకు చేయాలనీ అవి అడుగుతాయి. ఈ మాటలో న్యాయముంది. అందుకే విశ్లేషణ భారం బోర్డుమీద పెట్టకూడదు, దాని ఖర్చు శాసనసభ భరించాలి. కానీ ప్రశ్న అడగడం బోర్డే చేయాలి. ఎందుకంటే వృత్తిలో ఉన్న ప్రతి మనిషీ తప్పించుకోలేకుండా ప్రభుత్వాన్ని ఎదుర్కొనే సందర్భం రెన్యువల్ ఒక్కటే. వేరుగా సర్వే పెడితే తీరిక ఉన్నవారే జవాబిస్తారు. తీరికలేని గ్రామీణ వైద్యుడి జవాబు మనకు అందరికంటే ఎక్కువ అవసరం, అతనే జారిపోతాడు. పైగా ప్రజల రక్షణ అంటే చెడ్డ వైద్యుడిని ఆపడం ఒక్కటేనా? వైద్యుడే లేని కౌంటీలో ప్రజలకు ఏ రక్షణ ఉన్నట్టు?

గోప్యత మీద వచ్చే అభ్యంతరం అంతకంటే లోతైనది. ఒక కౌంటీలో మనోవైద్యురాలు ఒక్కరే ఉంటే, పేరు తీసేసినా ఆ వరుసలోని వయసు, జాతి, పనిగంటలు ఎవరివో ఊరందరికీ తెలిసిపోతుంది. కొన్ని సేవలు అందించే వైద్యులకు అమెరికాలో బెదిరింపులు, దాడులు ఎదురైన చరిత్ర ఉంది. కాబట్టి పనిచేసే చోటు చెప్పమనడం చిన్న కోరిక కాదు. సంఖ్య మరీ తక్కువగా ఉన్న గళ్లను ప్రచురించకపోవడం, క్రమశిక్షణ చర్యల దస్త్రానికీ గణాంకాల దస్త్రానికీ మధ్య గోడ కట్టడం, ముడి వివరాలను పరిశోధకులకు రాతపూర్వక ఒప్పందం మీదే ఇవ్వడం చట్టంలోనే రాయాలి. మానసిక అనారోగ్యం, కుటుంబ విషయాలవంటివి ఈ ఫారంలో చోటుచేసుకోకూడదు. ఇక్కడే తప్పనిసరి, ఐచ్ఛికం అన్న వాదానికి కూడా సమాధానం దొరుకుతుంది. పనిలో ఉన్నారా, ఎక్కడ, ఎన్ని గంటలు, ఏ విభాగం, ఎలాంటి సంస్థ అన్న ఐదు ప్రశ్నలు తప్పనిసరి కావాలి. జాతి, భాష, ఎప్పుడు విరమించాలనుకుంటున్నారు అన్నవి ఇష్టానికి వదలాలి. నలభై ప్రశ్నలు తప్పనిసరి చేస్తే విసుగుతో ఏదో ఒకటి నొక్కి ముందుకు వెళ్తారు, ఆ చెత్త మంచి జవాబులను కూడా పాడుచేస్తుంది.

బీమా బిల్లులు, పది అంకెల జాతీయ వైద్యసేవకుల గుర్తింపు సంఖ్య ఉండగా మళ్లీ అడగడం దేనికని కొందరు అంటారు. ఆ సంఖ్య 2007 నుంచి వాడుకలో ఉంది. దానికి రెన్యువల్ లేదు. చిరునామా మారితే 30 రోజుల్లో తెలపాలన్న నియమం ఉన్నా, గుర్తుచేసే గడువు తేదీ లేకపోవడంతో పాత చిరునామాలు ఏళ్లతరబడి అలాగే ఉండిపోతాయి. బిల్లులు నిజంగా జరిగిన పనిని చూపిస్తాయి, వాటి విలువ కాదనలేం. కానీ ఆసుపత్రి జీతం మీద ఉన్న నర్సు పేరు ఏ బిల్లుమీదా రాదు. బీమాలేని రోగిని చూసిన వైద్యుడి పని కూడా కనబడదు. జవాబులను సరిచూసుకోవడానికి బిల్లులు మంచివి, జవాబులకు బదులుగా చాలవు.

అన్నిటికంటే ఇబ్బందిపెట్టే ప్రశ్న వేరే ఉంది. నాలుగు దశాబ్దాలు లెక్కపెట్టిన నార్త్ కరోలినాలో పల్లెలకు వైద్యులు వచ్చారా? పూర్తిగా రాలేదు. గణాంకాలు వైద్యుడిని పుట్టించవు. అయితే పెట్టిన ఖర్చు ఫలించిందో లేదో చెప్పగలిగేవి అవే. ఆ రాష్ట్ర శాసనసభ తన వైద్య కళాశాలల పట్టభద్రులు కొన్నేళ్ల తరువాత ఎక్కడ తేలుతున్నారో చెప్పమని కోరింది. ఏటా వచ్చిన రెన్యువల్ వివరాలతో వారి జాడ తీస్తే, రాష్ట్రంలోనే ఉండి పల్లెల్లో ప్రాథమిక వైద్యం చేస్తున్నవారు చాలా తక్కువ మందని తేలింది. సీట్లు పెంచితే చాలు పల్లెలు బాగుపడతాయన్న వాదం అక్కడ అంకెల ముందు నిలవలేదు. అత్యవసర వేళల్లోనూ ఈ లెక్క అక్కరకొస్తుంది. 2020 వసంతంలో కోవిడ్ ఉద్ధృతమైనప్పుడు న్యూయార్క్ విరమించిన వైద్యులనూ నర్సులనూ తిరిగి రమ్మని పిలవాల్సి వచ్చింది. ఎవరు ఎక్కడ ఏ విభాగంలో పనిచేశారో ముందే తెలిసిన రాష్ట్రానికి అలాంటి పిలుపు ఎవరికి పంపాలో తెలుస్తుంది.

మనదేశంలో ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల జరిగేది పార్లమెంటు సమాధానాల్లోనే కనిపిస్తుంది. 2022 జూన్ నాటికి దేశంలో 13,08,009 మంది అల్లోపతి వైద్యులు నమోదై ఉన్నారని, వారిలో 80 శాతం అందుబాటులో ఉన్నారని భావించి, 5.65 లక్షల ఆయుష్ వైద్యులను కలిపి, 834 మందికి ఒక వైద్యుడు ఉన్నాడని కేంద్రం లెక్క చెప్పింది. 80 శాతం అన్నది ఎవరినీ అడిగి తెలుసుకున్నది కాదు, భావించినది. 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం 2018లో రిజిస్టర్ల ఆధారంగా వైద్యులు 11.6 లక్షలు, నర్సులు, మంత్రసానులు 23.4 లక్షలు. 2017-18 జాతీయ నమూనా సర్వే అంచనా ప్రకారం పనిలో ఉన్న వైద్యులు 8 లక్షలు, నర్సులు 14 లక్షలు మాత్రమే. అంటే వైద్యుల్లో 70 శాతంకంటే తక్కువ, నర్సుల్లో 60 శాతం. తగిన చదువు లేనివారిని తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఆ తేడాలో విదేశాలకు వెళ్లినవారున్నారు, వృత్తి వదిలేసిన మహిళలున్నారు, కన్నుమూసినవారున్నారు. గుంటూరులోనో వరంగల్‌లోనో చదివి న్యూజెర్సీలో స్థిరపడ్డ వైద్యుడు ఇక్కడి రిజిస్టరులోనూ అక్కడి రిజిస్టరులోనూ ఒకేసారి ఉండగలడు. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ రెండుగా విడిపోయాక ఉమ్మడి రిజిస్టరులోని పేర్లు రెండు రాష్ట్రాల వైద్య మండళ్ల మధ్య పంచుకోవాల్సి రావడం దీనికి తోడైంది.

కేంద్రం 2024 ఆగస్టులో జాతీయ వైద్య రిజిస్టరు పోర్టల్ ప్రారంభించింది. ఒకే గుర్తింపు సంఖ్య రావడం వల్ల రెండుచోట్ల ఉన్న పేర్లు బయటపడతాయి, అది మేలే. పనిలో ఉన్నారా అన్న ప్రశ్నకు మాత్రం గుర్తింపు సంఖ్య జవాబు చెప్పదు. తెలంగాణ 2022లో 8, 2023లో 9 ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచింది. ఆంధ్రప్రదేశ్ 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో 5 తెరిచింది. వాటి విద్యార్థులు పదేళ్ల తరువాత ఆ జిల్లాల్లోనే ఉంటారో, హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో చేరతారో, దేశం దాటతారో ఇప్పటినుంచే రాసిపెట్టుకోకపోతే అప్పుడు వెనక్కి వెళ్లి తెలుసుకునే దారి ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ వైద్యులు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, వృత్తి శిక్షణ గంటలకు ధ్రువపత్రాలు కూడా జతచేయాలి. ఫారం ఉంది, గడువు ఉంది, నింపే మనిషి ఎదురుగా ఉన్నాడు. రెండు వైద్య మండళ్లూ, వాటితోపాటు నర్సుల, ఫార్మసిస్టుల, దంత వైద్యుల మండళ్లూ ఆ ఐదు ప్రశ్నలను వచ్చే రెన్యువల్ నుంచే ఫారంలో చేర్చాలి, జవాబులను జిల్లాలవారీగా ఏటా ఒకే తేదీకి ప్రచురించాలి.